మా పెరటి ట్రాకు మీద ముగ్గు

పోయిన ఆదివారం పొద్దున్నే పాలపాకెట్ల కోసం కిందికి దిగితే, మా అపార్టుమెంటు పార్కింగులో వాచ్‌మన్ భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎవరినో దుమ్మెత్తి పోస్తోంది. సంగతేమిటంటే, పాపం తెల్లవారుజామునే లేచి ఆ పిల్ల వేసుకున్న పదిహేను చుక్కల ముగ్గు మీది నుంచి ఎవరో పుణ్యాత్ముడు కారు వెనక్కి తీసుకుపోయాడు. రెండు టైర్ల అచ్చులు ముగ్గుని మూడు ముక్కలు చేసి, గేటు దాకా తెల్లగా సాగిపోయి ఉన్నాయి. అయ్యో అనాల్సింది పోయి నేను పకపకా నవ్వేశాను. "నవ్వుతారేంటి మామ్మగారూ, నడుం పడిపోయింది నాకు" అని నా మీదా విసుక్కుంది. ఏం చెప్పను దానికి? సరిగ్గా ఈ సిమెంటు కింద ఉన్న నేల మీదే, పాతికేళ్ల కిందట, ముగ్గు మీద కార్లు పరిగెత్తించడానికి గుడివాడ నుంచీ అవనిగడ్డ నుంచీ పెద్దమనుషులు బస్సులెక్కి వచ్చేవారని చెబితే నాకు మతి చలించిందనుకుంటుంది. మీరైతే నా ఈడువాళ్లు కాబట్టి కాస్త ఓపికగా వింటారని చెబుతున్నాను.

అప్పట్లో నేను గూడూరు హైస్కూల్లో లెక్కల టీచర్ని. కాగితాల మీద మచిలీపట్నం అని రాస్తాం గానీ మా నోటికి ఇది ఎప్పుడూ బందరే. రోజూ బందరు నుంచి గూడూరు వెళ్లి వచ్చే బస్సులో కిటికీ పక్క సీటు కోసం నేను పడ్డ పోట్లాటలు రాస్తే అదొక పుస్తకం అవుతుంది, అవి ఇప్పుడొద్దు. ఇంట్లో మా అత్తగారు, టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తాగా చేసే మా ఆయన, పెళ్లి మాటెత్తితే చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయే మా బావగారు, నేను. బావగారికి రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. ఆ రోజుల్లోనే సీడీలు వచ్చి టేపురికార్డర్ల పని పడిపోయింది, ఆయన దుకాణంలో కూర్చుని ఈగలు తోలుకునే దశకి వచ్చాడు. సరిగ్గా అప్పుడు మా ఆడపడుచు మొగుడు, ఓడలో ఇంజినీరుగా చేసే మా అన్నయ్యగారు, సింగపూర్ నుంచి చేతిలో పెట్టెతో నడిపే బొమ్మకారు ఒకటి తెచ్చాడు. సెలవులకి మా ఇంటికి వచ్చిన తన పిల్లల కోసమనే తెచ్చాడు, నిజమే. కాకపోతే పిల్లల చేతికి అది పదిహేను రోజుల తర్వాత గానీ రాలేదు.

అబ్బో, ఆ కారు మా ఇంట్లో చేసిన హంగామా అంతా ఇంతా కాదు. మూరెడు పొడవుండే ఆ కారుని బావగారు ఆ రాత్రే స్క్రూలన్నీ విప్పి దినపత్రిక మీద పరిచి, మళ్లీ బిగించి, నెల తిరిగేసరికల్లా ముందుకన్నా జోరుగా పరిగెత్తించాడు. ఆ మాట ఎలా పాకిందో గానీ, గుడివాడలో రైసుమిల్లు ఉన్న ఒక పెద్దాయన రెండు కార్లు తెప్పించుకుని సరాసరి మా ఇంటికే వచ్చాడు. నాలుగు రోజుల్లోనే అందరికీ ఆయన 'మావయ్యగారు' అయిపోయాడు. అవనిగడ్డ నుంచి మందుల షాపాయన, బందరులోనే బ్యాంకులో పనిచేసే ఇద్దరు, ఇలా చూస్తూ చూస్తూ ఉండగానే పది పన్నెండు మంది పోగయ్యారు. అందరూ నలభై దాటినవాళ్లే, పొట్టలున్నవాళ్లే. ఆదివారం వచ్చిందంటే చాలు, బోర్లా పడుకుని కారు అడుగుభాగం చూసుకుంటూ ఉండేవాళ్లని కాఫీ గ్లాసులతో దాటుకుంటూ వెళ్లడం నా పని. చాల్లే సంబడం అని మూతి తిప్పుకునేదాన్ని గానీ, ఏ కారు మలుపులో పల్టీ కొడుతుందో చూడాలని వంటింటి కిటికీ దగ్గరే నిలబడి కూరలు తరిగేదాన్ని.

వీధిలో నడిపితే రిక్షాల కింద పడుతున్నాయని, మా పెరట్లో ట్రాకు వేసుకుందామనుకున్నారు. ఇరవై సెంట్ల పెరడు మాది. బావి, రెండు కొబ్బరి చెట్లు పోను మిగతాదంతా ఖాళీ. కానీ కృష్ణా డెల్టా నల్లమట్టి సంగతి మీకు నేను చెప్పాలా? వానొస్తే జిగురు, ఎండొస్తే పాదం దూరేంత నెర్రెలు. ఈ మేధావులంతా కూడబలుక్కుని ట్రాక్టరుడు ఇసుక తెచ్చి పోయించారు. కార్లు అడుగు వెయ్యలేక ఆ ఇసుకలో చక్రాలు తిప్పుతూ అక్కడే కూరుకుపోయాయి. మా అత్తగారు రెండు ఆదివారాలు వెనక వసారాలో కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఈ తతంగమంతా నోరెత్తకుండా చూసింది. మూడో ఆదివారం పళ్లెం పక్కన పెట్టి లేచింది.

"ఇదేం పనిరా, కళ్లం చేసుకోవడం కూడా రాదా మీకు?" అంది.

ఆవిడ గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఆవిడది దివిసీమ, అవనిగడ్డ దగ్గర ఒక పల్లె. కోతలయ్యాక వడ్లు నూర్చే కళ్లం తయారుచెయ్యాలంటే ఊళ్లో ఆవిడ చెయ్యే పడాలనేవారట, పెళ్లయి అత్తవారింటికి వచ్చాక కూడా ఆవిడ కళ్లం మీద గింజ ఒక్కటి నెర్రెలో పడేది కాదని మా మామగారు నాతో గొప్పగా చెప్పేవారు. ఆయన పోయాక పొలం కౌలుకిచ్చి ఆవిడ బందరు వచ్చేసింది. వచ్చిన వారానికే ముగ్గు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, ఇక నువ్వే పెట్టమ్మా అంది. ఎవరూ వద్దనలేదు, పక్కింటివాళ్లు పల్లెత్తు మాట అనలేదు, ఆవిడకి ఆవిడే మానేసింది. మొగుడు పోతే ముగ్గేం చేసిందని నాకు ఒళ్లు మండేది, కానీ కొత్త కోడలికి అంత నోరు ఎక్కడిది? రోజంతా ఏదో ఒకటి ఏరుకుంటూ, ఒలుచుకుంటూ, రేడియో పెడితే వింటూ, కట్టేస్తే ఊరుకుంటూ ఉండేది. ఆ మూడో ఆదివారం పెరట్లోకి దిగి చీర కుచ్చిళ్లు ఎగదోపుకున్న మనిషిని నేను అంతకుముందు చూసి ఎరుగను.

ఇక చూసుకోండి. ఇసుక ఎత్తి పక్కన పోయించింది. నల్లమట్టి తవ్వించి, గడ్డలు చితకగొట్టించి, జల్లెడ పట్టించి, అందులో మళ్లీ ఆ ఇసుకే తన లెక్క ప్రకారం కలిపించి, గుడివాడ మిల్లు నుంచి బస్తాలతో ఊక రప్పించింది. ఊక కలిస్తే మట్టి నెర్రె విచ్చదట. నీళ్లు పోసి, ఒక రాత్రి నాననిచ్చి, మర్నాడు బ్యాంకు ఉద్యోగులనీ మందుల షాపాయననీ పంట్లాలు మోకాళ్ల పైకి మడిపించి తొక్కించింది. "గట్టిగా తొక్కండి బాబూ, పూలమీద నడిచినట్టు నడుస్తారేంటి" అని ఆవిడ కేకలేస్తుంటే వీధిలోవాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు. తర్వాత దిమ్మిసతో కొట్టడం, ఆ పైన పేడనీళ్లతో అలకడం. అలికేది ఆవిడా, నేనూ. ప్రతి శనివారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, చీర మార్చుకుని, పేడ తట్టతో పెరట్లోకి దిగేదాన్ని. పదో తరగతికి లెక్కలు చెప్పే టీచరమ్మ బొమ్మకార్ల కోసం నేల అలుకుతోందని మా స్టాఫ్‌రూములో తెలిసి ఏడిపించేవారు. ఏడిస్తే ఏడవనీ అనుకునేదాన్ని, ఎందుకంటే ఆ శనివారాల్లోనే మా అత్తగారు నాతో మనసు విప్పి మాట్లాడింది. తన పుట్టింటి గేదెల పేర్ల దగ్గర నుంచి, పెళ్లిలో తను అలిగిన వైనం దాకా అన్నీ ఆ ట్రాకు మీద చతికిలబడి, చెయ్యి అర్ధచంద్రాకారంలో తిప్పుతూనే చెప్పింది.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టింది. ట్రాకు మీద ముగ్గు పెట్టకూడదు. పొడిపిండి మీద టైరు జారుతుందని బావగారి భయం, పిండికి చీమలు చేరితే మట్టి గుల్లవుతుందని ఆవిడ భయం.

ఇలా ఒక ఏడాది బ్రహ్మాండంగా సాగింది. రెండో వేసవిలో గుడివాడ మావయ్యగారు ఒక మాట తెచ్చాడు. ఆయన మిల్లులో వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది, నున్నగా, అద్దంలా. వారం వారం ఈ అలుకుడు తిప్పలెందుకు, ఏటా జరిపే పెద్ద పందెంతో సహా అంతా అక్కడికి మార్చేద్దామన్నాడు. సగం మందికి అది సబబుగానే తోచింది. బావగారి మొహం మాడిపోయింది. చివరికి అందరూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు: ఈసారి పెద్ద పందెం మా పెరట్లోనే పెట్టాలి, పొద్దుటి నుంచి సాయంత్రం ఆఖరి ఆట దాకా ట్రాకు ఎక్కడా పగలకుండా నిలబడితే ఇక్కడే కొనసాగాలి, పగిలితే గుడివాడ. ఆ రాత్రి మా అత్తగారు అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది. ట్రాకు పోతే ఆవిడ మళ్లీ ఆ వసారాలో చిక్కుడుకాయల పళ్లెం ముందు కూర్చుంటుందని నాకు తెలుసు.

పందెం ముందు వారం రోజులు మేమిద్దరం ఆ ట్రాకుని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాం. ఆఖరి పూత మాత్రం పందెం రోజు తెల్లవారుజామున వెయ్యాలంది, నడుం పట్టేసి ఆవిడ లేవలేకపోయింది, నన్ను వెయ్యమంది. అలికాను. బావి దగ్గర మలుపు, అన్నిటికన్నా కష్టమైన మలుపు, దాన్ని అలకడం పూర్తయ్యేసరికి తూరుపు తెల్లబడింది. లోపలికి వచ్చి, నలభై మందికి పులిహోర కలుపుతూ, తిరగమోతలో ఎండుమిరపకాయలు వేశానో లేదో, నా చెయ్యి ఆగిపోయింది. వేళ్ల సందుల్లో తెల్లగా పిండి ఉంది.

ఏం చెప్పమంటారు! అలికిన నేల చూసిన చెయ్యి, దానంతటది వెళ్లి గడపమీది డబ్బా తీసి, ఆ బావి మలుపు మధ్యలో ఎనిమిది రేకుల పద్మం పెట్టి వచ్చింది. ఏళ్ల తరబడి రోజూ చేసిన పని, మనసుతో పనే లేదు దానికి. అందులోనూ మా ఇంట్లో రాతి ముగ్గు వాడం, నూకలు బరకగా విసిరిన బియ్యప్పిండి. పరిగెత్తుకు వెళ్లేసరికి అప్పటికే జనం వచ్చేశారు, మొదటి ఆటకి కార్లు గీత మీద నిలబడ్డాయి. బావి చాటు మలుపు, ఎవరి కంటా పడ్డట్టు లేదు. నాలుగు చుట్లు తిరిగితే టైర్లే తుడిచేస్తాయిలే అని నన్ను నేనే సముదాయించుకున్నాను. నిజంగానే రేకులు చెదిరిపోయాయి, ఏ కారూ జారలేదు, నేను ఊపిరి పీల్చుకుని పులిహోర వడ్డించడానికి అందరినీ వసారాలోకి పిలిచాను.

ఆ అరగంటలోనే కొంప మునిగింది. పక్కింటి పిన్నిగారి కోళ్లు కంచె సందులోంచి దూరి, చెదిరిన నూకపిండి వాసన పట్టి, బావి మలుపు మీద పడ్డాయి. కోడి సంగతి తెలుసుగా, పైన ఉన్నది తిని ఊరుకోదు, కింద ఇంకేముందో అని కెలుకుతుంది. మావయ్యగారు చెయ్యి కడుక్కుని వచ్చి తన కారు ఒక చుట్టు తిప్పుదామని వదిలితే, పిన్నిగారి పుంజు మెడ ఈకలు రిక్కించి ఆ కారుకి ఎదురెళ్లింది. కారు ఆగింది, పుంజు ఆగలేదు, రెండు తన్నులు తన్నింది. జనమంతా విరగబడి నవ్వారు. పుంజుని తోలాక చూస్తే నవ్వులన్నీ ఆగిపోయాయి. మలుపులో జానెడు వెడల్పున రెండు గుంటలు, చుట్టూ పెచ్చులు లేచిన మట్టి.

మావయ్యగారు గొంతుక్కూర్చుని గుంట చూశాడు, పిండి వేలికి రాసుకుని చూశాడు. మంచి మనిషి, ఆయన మొహంలో సంతోషమేమీ లేదు. "ట్రాకు మీద పిండి ఎవరు పోశారండీ?" అన్నాడు.

నేనే అని ఒప్పేసుకుందామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఈలోగా వసారా మెట్లమీంచి మా అత్తగారి గొంతు వినిపించింది, నడుం మీద చెయ్యి ఆనించుకుని దిగి వస్తోంది.

"నేనే పెట్టాను బాబూ, ముగ్గు. అలికిన నేల కదా, చెయ్యి ఊరుకోలేదు."

గుడివాడవాళ్లకి అది మామూలు మాటే. మా ఇంట్లో వాళ్లకి కాదు. మా మామగారు పోయినప్పటి నుంచి ఆవిడ ముగ్గుపిండి ముట్టలేదని మా ముగ్గురికీ తెలుసు, పక్కింటి పిన్నిగారికీ తెలుసు. మా ఆయన నా వైపు ఒకసారి చూసి, కొబ్బరి చెట్టు వైపు తల తిప్పుకున్నాడు. బావగారు తన చేతిలో పెట్టె యాంటెన్నా లాగుతూ, మూస్తూ ఉండిపోయాడు. పక్కింటి పిన్నిగారైతే నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

"మరి మాట ప్రకారం అక్కయ్యగారూ..." అని మావయ్యగారు నసిగాడు.

"మాట మాటే, కాదన్లేదు. నువ్వూ వడ్లతో బతికేవాడివే, ఒక్కటి చెప్పు. నూర్పిళ్ల మధ్యలో కళ్లం పెచ్చు లేస్తే ఏం చేస్తారు మీ ఊళ్లో? కుప్పంతా ఎత్తుకుని ఇంకో ఊరు పోతారా, పూడ్చుకుని నూర్చుకుంటారా? అరగంట టైమియ్యి. అప్పుడు కూడా నిలబడకపోతే నేనే వచ్చి మీ మిల్లులో కాఫీలిస్తాను."

మావయ్యగారు ఒక్క క్షణం తల గోక్కుని, ఫక్కున నవ్వేశాడు. "కానియ్యండక్కయ్యగారూ!" అన్నాడు.

ఆ అరగంట నేను ఈ జన్మకి మరిచిపోను. పెచ్చులు ఊడగొట్టి, గుంట అంచులు తడిపి, జల్లెడ మట్టీ ఊకా కలిపి ఆవిడ కాలి మడమతో దట్టిస్తుంటే, నేను చెంబుతో నీళ్లు చిలకరిస్తున్నాను. పాపం పిన్నిగారు, తన కోళ్ల వల్లే వచ్చిందని, పొయ్యిలో బూడిద చేటతో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. తడి త్వరగా పీల్చుకోవడానికి బూడిద చల్లి, దిమ్మిస వేసి, పైన పలచగా అలికాం. పైన మిట్టమధ్యాహ్నపు ఎండ. జన్మలో ఎప్పుడూ నేను బందరు ఎండకి దండం పెట్టలేదు, ఆ రోజు పెట్టాను. "ఏడవకమ్మా, నీళ్లు ఎక్కువైపోతాయి మట్టిలో" అంది ఆవిడ నాకు మాత్రమే వినపడేట్టు. అప్పుడు గానీ నేను ఏడుస్తున్నట్టు నాకు తెలియలేదు.

ఆఖరి ఆట ఇరవై చుట్లు. మొదటి చుట్టులో ఆ మలుపులోకి కార్లు దూకేసరికి నేను కళ్లు మూసుకున్నాను. రెండో చుట్టుకి ఒక కన్ను తెరిచాను. పదో చుట్టుకి వసారా స్తంభం వదిలేసి, స్కూల్లో పిల్లల్ని అలా చేస్తే గోడకుర్చీ వేయిస్తానే, అలాంటి కేకలు పెడుతున్నాను. మావయ్యగారి కారే గెలిచింది, బావగారిది రెండోది. గెలిచినవాడికి తొక్కుడు లడ్డూల డబ్బా బహుమానం. ఆయన డబ్బా చంకలో పెట్టుకుని తిన్నగా బావి మలుపు దగ్గరికి వెళ్లి, బొటనవేలితో పూడ్చిన చోట గట్టిగా నొక్కాడు. దిగలేదు. చెప్పు విప్పి మడమతో పొడిచాడు. ఊహూఁ.

"మా సిమెంటు పగిలితే మేస్త్రీ రావాలి, వారం పడుతుంది. ఇదేదో అరగంటలో తేల్చేశారు. వచ్చే ఏడూ ఇక్కడేనండీ!" అని డబ్బా తెరిచి మొదటి లడ్డూ మా అత్తగారి చేతిలో పెట్టాడు. పెరడంతా ఒకటే ఈలలు, చప్పట్లు. బావగారు యాభై ఏళ్ల మనిషి, తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పబోయాడు, నడుంరా వెధవా అని ఆవిడ అరిస్తే వదిలేశాడు.

ఆ సాయంత్రం తట్ట కడుగుతుంటే ఆవిడ దగ్గరికి వెళ్లి, అత్తయ్యగారూ ఆ ముగ్గు అని మొదలుపెట్టాను. నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. "పద్మం బాగా కుదిరింది, రేకులే కాస్త సన్నం. ఈసారి రాతి ముగ్గు తెప్పించు, కోళ్లు రావు" అని లోపలికి వెళ్లిపోయింది. ట్రాకు మీద ముగ్గే వద్దన్న మనిషి ఈసారి అన్నదాంట్లో ఏముందో నాకప్పుడు తట్టలేదు.

మరుసటి ఏడు పందెం పొద్దున, అందరూ వచ్చాక, బావగారు రాతి ముగ్గు డబ్బా తెచ్చి వసారాలో కూర్చున్న తల్లి ఒళ్లో పెట్టాడు. "పోయినేడు నువ్వే పెట్టానన్నావుగా. ఈ ఏడు మానేస్తే మావయ్యగారు ఒప్పుకోడు" అన్నాడు, మొహం చాలా అమాయకంగా పెట్టి. మావయ్యగారు పాపం ఏమీ తెలియక, పెట్టాల్సిందే అక్కయ్యగారూ, అది శుభం అన్నాడు. ఆవిడ బావగారి వైపు, నా వైపు, ఆ డబ్బా వైపు చూసింది. ఆడిన మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. లేచింది. గీత దగ్గర, కార్లు బయలుదేరే చోట, వంగి మొదటి చుక్క పెట్టి, చెరిపి, మళ్లీ పెట్టింది. ఎనిమిది రేకులు, నా రేకులకన్నా వెడల్పు. ఈల ఊదగానే పన్నెండు కార్లు దాని మీంచి దూసుకుపోయి, ట్రాకంతా తెల్లటి గీతలు పరుచుకుంటూ వెళ్తుంటే, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మర్నాటి నుంచి వాకిట్లో ముగ్గు కూడా తనే పెట్టింది, డబ్బా నాకు తిరిగి ఇవ్వనేలేదు.

అలా ఇంకో ఆరేళ్లు నడిచాయి మా పందేలు. తర్వాత ఒకరికి మోకాళ్లు, ఒకరికి బదిలీ, ఒకరికి చూపు. పెద్ద గొడవేమీ లేకుండా మెల్లగా ఆగిపోయాయి. ఆవిడ పోయి పుష్కరం దాటింది. పెరడూ ఇల్లూ కలిసి ఈ అపార్టుమెంటు అయింది, బావి మలుపున్న చోట ఇప్పుడు పై అంతస్తువాళ్ల తెల్లకారు నిలబడుతుంది. సిమెంటు నేల, అలకక్కర్లేదు, దాని కోసం శనివారం సాయంత్రం ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన కూర్చోనక్కర్లేదు. హాయే, కాదనను. నా నడుం కూడా ఒప్పుకోదు. కానీ ఆ స్తంభం పక్కన సిమెంటు పగిలి ఏడాదవుతోంది, మీటింగుల్లో రెండుసార్లు రాసుకున్నారు, ఇంతవరకు పూడ్చిన వాళ్లు లేరు.

మొన్న ఆదివారం వాచ్‌మన్ భార్యకి ముగ్గు సర్దుకోవడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. టైరు గీతలు చెరపనివ్వలేదు, వాటికి అటూ ఇటూ రేకులు పెట్టించాను, వెడల్పుగా. ఎవరు నేర్పారు మామ్మగారూ అని అడిగింది. మా అత్తగారు అన్నాను. నా తప్పు తన మీద వేసుకున్న ఆ మనిషితో, తర్వాత అన్నేళ్లు ఒకే నేల అలికి కూడా, ఆ రోజు ముగ్గు నేనే పెట్టానత్తయ్యగారూ అనే ఒక్క వాక్యాన్ని నేను పూర్తి చెయ్యలేకపోయాను. ఆవిడ పూర్తి చెయ్యనివ్వలేదు.